తాంబూల సమర్పణము - ఊపిరి రక్షణము

భగవదారాధనమున నైవేద్యానంతరము తాంబూల సమర్పణము జరుగును. ఆరగించిన స్వామికి హస్తప్రక్షాళనము, ఆచమనము సమర్పించిన పిమ్మట పచ్చకర్పూరము, ఏలకులు, లవంగములు చేర్చిన ఆకుమడుపులను నివేదించుట ఆలయములందును, వైష్ణవ గృహములందును తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయము. తిరుమల శాసనములలో దాతలు స్వామి కైంకర్యమునకై ఏర్పాటు చేసిన ద్రవ్యముల పట్టికలు చూచినచో బియ్యము, నెయ్యి, చందనములతోపాటు పోకలును, తమలపాకులును పదే పదే కానవచ్చును. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఈ దేశమున రాజు మొదలు సామాన్యుని వరకు ఆకునకు గల గౌరవమును ఆశ్చర్యముతో వర్ణించెను. పెండ్లి నిశ్చయమైనదనుటకు తెలుగువారు తాంబూలములు పుచ్చుకొన్నారనియే చెప్పుదురు. ఇంతటి మంగళద్రవ్యమును గూర్చి ఆరోగ్యదృష్టితో విచారించుట అపచారమేమో యని కొందరు శంకింతురు. ఆ శంకకు సమాధానము మన సంప్రదాయముననే కలదు.

నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళి ఆరవ పత్తునందు ఒక తల్లి మాటలుగా సాగిన దశకము కలదు. కుమార్తె ఇల్లు విడిచి తిరుక్కోళూరు స్వామిని వెదకుకొనుచు వెడలిపోయినది. తల్లి ఆమెను తలచుకొని, అన్నము, నీరు, తాంబూలము అను మూడును ఆ బిడ్డకు కృష్ణుడేనని చెప్పుకొనును. శ్రీవైష్ణవాచార్యులు ఈ మూడింటిని ధారకము, పోషకము, భోగ్యము అను మాటలతో వివరింతురు. అన్నము ప్రాణమును నిలుపును గనుక ధారకము. నీరు దేహమును పెంపొందించును గనుక పోషకము. తాంబూలము అనుభవింపదగినది గనుక భోగ్యము. ఈ వరుసలో తాంబూలము చివర నున్నది. అది లేకున్నను ప్రాణము నిలుచును, దేహము పెరుగును. కడుపు నిండిన తరువాత, మనస్సు ప్రసన్నముగా నున్నవేళ, ఉన్నచో అనుభవింపదగిన వస్తువది.

తెల్లవారగనే నోట వక్క పడనిదే పని సాగదనువారి విషయమున ఈ వరుస తలక్రిందులైనది. భోగ్యము ధారకమైనది. అన్నము మానగలరు గాని వక్క మానలేరు.

నెల్లూరు సీమ తూర్పు అంచున తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నము మొదలుకొని దక్షిణమున పులికాట్ సరస్సు వరకు గల గ్రామములందు ఈ అలవాటునకు వృత్తిరీత్యా కారణములు కలవు. రాత్రివేళ వేటకు పోవు పట్టపువారికి చలిగాలి, నిద్ర రెండును శత్రువులు. నోట ఆకువక్క నుంచుకొన్నచో ఒడలు వెచ్చబడును, కనురెప్ప వాలదు. ఉప్పుకొటారులలో ఎండకు నిలిచి పని చేయువారికిని, రొయ్యల చెరువుల గట్లపై రాత్రి కాపలా యుండువారికిని అదే ఆధారము. ఇంట వృద్ధులకు పగటి కాలక్షేపము అడకత్తెరయే. ఆకు సమీపముననే లభించును. ఎగువన పెన్న ఒడ్డుననే యున్న కడప జిల్లా చెన్నూరు తమలపాకునకు పేరుపొందినది. సున్నమునకును కొరత లేదు. ఈ తీరమున గుల్లలను కాల్చి సున్నము తీయు వాడుక ప్రాచీనమైనది. వక్క మాత్రము ఎక్కువగా కర్ణాటక, కేరళ ప్రాంతముల నుండి రావలసినదే. దూరము నుండి వచ్చిన ఆ వక్కయే ఇచ్చట విచారింపదగినది.

ఆకు వేరు, వక్క వేరు. రెంటిని కలిపి ఆకువక్క యని ఒకే మాటగా పలుకుటచేత రెంటి గుణములను ఒకటిగా తలచుట జరుగుచున్నది. తమలపాకు మిరియపు తీగ జాతికి చెందిన నాగవల్లి. దాని ఘాటు అందలి సుగంధ తైలమువలన కలుగునది. పసిబిడ్డకు జలుబు చేసినపుడు ఆకునకు ఆముదము రాచి, దీపముపై వెచ్చజేసి రొమ్మున వేయుట తెలుగు ఇండ్లలో నేటికిని కలదు. అది ఉపశమనమే గాని చికిత్స కాదు. బిడ్డ డొక్కలెగరవేయుచు ఊపిరి తీయుచున్నపుడు ఆకు వెచ్చజేయుచు కూర్చుండక వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను. ఆకురసమును తేనెతో నాకించు అలవాటు గలవారు ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని గుర్తుంచుకొనవలెను.

వక్క పోకచెట్టు కాయలోని గింజ. అందు అరెకోలిన్ అను క్షారద్రవ్యము కలదు. సున్నము తగిలినపుడు అది గింజ నుండి విడివడి, నోటిలోని పలుచని పొర గుండ నిమిషములలో నెత్తురులో కలియును. మన శరీరమున నరములు తమ ఆజ్ఞలను అవయవములకు అందజేయుటకు అసిటైల్‌కోలిన్ అను ఒక ద్రవ్యమును వాడుకొనును. అరెకోలిన్ దానివలె నటించును. లాలాజలమును ఊరింపుమని నరము ఆజ్ఞాపింపకున్నను నోరూరును. చెమట పట్టును. అలవాటు లేనివాడు పచ్చివక్క నమిలినచో తల తిరిగి, ఒడలు వెచ్చబడి, గుండె దడదడలాడుటకు కారణమిదియే. వేటగాని చలి తీరుటకును ఇదియే కారణము. నోటికి, చర్మమునకు జరిగినదే ఊపిరి గొట్టములకును జరుగును. ఆ గొట్టముల చుట్టును సన్నని కండరములు కలవు. అదే ద్రవ్యము ఆ కండరములను బిగించును, లోపల జిగట కఫమును ఊరించును. ఆరోగ్యవంతునకు ఈ బిగింపు తెలియనే తెలియదు. ఉబ్బసము గలవాని గొట్టములు ముందే వాచి యిరుకై యుండును గనుక వానికి తెలియును.

ఇది ఊహ కాదు. లండను నగర వైద్యులు ఉబ్బసము గలవారిపై, లేనివారిపై అరెకోలిన్ ప్రభావమును పరీక్షించి 1992లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ ద్రవ్యము ఉబ్బస రోగుల ఊపిరి గొట్టములను ముడుచుకొనజేయుననియు, వక్క నమలు అలవాటు గల రోగులలో నమలిన పిమ్మట ఊపిరి బలము తగ్గుట కలదనియు వారు కనుగొనిరి. వక్క నమలుట మన దేశమునందుకంటె విస్తారముగా గల పాపువా న్యూగినీ దేశమున వైద్యులును 1990 దశకపు తొలినాళ్ళలో ఇట్లే గమనించిరి. వక్క నమలిన ప్రతి ఉబ్బస రోగికిని ఆయాసము వచ్చునని వారెవ్వరును చెప్పలేదు. కొందరికి వచ్చును, కొందరికి రాదు. ఎవరికి వచ్చునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు గనుక ఉబ్బసము గలవారందరును వక్కకు దూరముగా నుండుటయే మేలు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. వృద్ధురాలైన గృహిణికి రాత్రివేళ పిల్లికూతలతో ఆయాసము వచ్చుచుండును. భోజనానంతరము తాంబూలము వేసుకొనుట ఆమెకు ఏబదియేండ్ల అలవాటు. ఆకు ఘాటునకు గొంతు తెరిపి యిచ్చినట్లు తోచును. లవంగము కారమునకు ముక్కు విడివడును. కనుక తాంబూలము తనకు మందనియే ఆమె నమ్మిక. అర్ధరాత్రి వచ్చిన ఆయాసమునకు చలిగాలి కారణమనుకొనునే గాని రాత్రి నమలిన వక్కను తలపదు. తెరిపి ఆకువలన కలిగినది, బిగింపు వక్కవలన కలిగినది. రెండును ఒక్క మడుపులోనే యున్నందున ఈ సంగతి ఇంటివారికిని తెలియదు. వైద్యుడు అడుగునపుడు పొగ త్రాగుదురా యని అడుగును, లేదని ఆమె చెప్పును. వక్క ప్రసక్తియే రాదు. పొగ త్రాగని స్త్రీలలో ఈ విషయము మరుగునపడుటకు ఇదియే హేతువు. ఆయాసమునకై వైద్యుని చూచువారు తాము ఆకువక్క వేసుకొను సంగతి అడుగకున్నను చెప్పవలెను. వైద్యుడిచ్చిన పీల్చు మందును మాని, ఆకును నమ్ముకొనరాదు.

నోటి విషయము ఇంతకంటె ప్రసిద్ధము. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన భారతీయ స్త్రీలలో నోటిలోపలి చర్మము గట్టిపడి దవడ తెరచుకొనని వ్యాధిని 1952లో ష్వార్జ్ అను వైద్యుడు వర్ణించెను. ఆ వ్యాధికి ముఖ్యకారణము వక్కయే. దీనికి పొగాకుతో పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ పొగాకు కలిపిన తాంబూలము క్యాన్సర్ కారకమని 1980 దశకముననే నిర్ణయించినది. 2004లో వెలువడిన సంపుటమున పొగాకు లేని తాంబూలమును, ఒంటి వక్కను గూడ ఆ జాబితాలోనే చేర్చినది. దవడ బిగిసిన వ్యాధి ఊపిరికిని సంబంధించినదే. ఏదో శస్త్రచికిత్స అవసరమై మత్తు ఇయ్యవలసినపుడు వైద్యులు నోటి గుండ ఊపిరితిత్తులకు గొట్టము వేయుదురు. రెండు వ్రేళ్ళు దూరని నోటిలో ఆ గొట్టము వేయుట ఎంత కష్టమో, ఆ నిమిషములలో రోగి ప్రాణమునకు ఎంత అపాయమో మత్తువైద్యులకు తెలియును.

ఇట్టి విచారణకు మన ప్రాచీనులు వెనుదీయలేదు. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున జాజికాయ, పోక, లవంగము, తక్కోలము, తమలపాకు, కర్పూరము, ఏలకులు చెప్పబడినవి. నోటి నిర్మలత్వమును, రుచిని, సువాసనను కోరువాడు వీనిని నోట ధరింపవలెనని అచ్చట కలదు. దినమంతయు నమలవలెనని లేదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున తాంబూల గుణములు చెప్పి, వెంటనే అది ఎవరికి హితము కాదో గూడ చెప్పబడినది. రక్తపిత్తము గలవారు, గాయపడినవారు, క్షీణించినవారు, దప్పిక, మూర్ఛ గలవారు, దుర్బలులు, నోరెండువారు అందు పేర్కొనబడిరి. గుణము చెప్పిన నోటనే నిషేధమును చెప్పుట శాస్త్రకారుల పద్ధతి. గుణములను మాత్రము గ్రహించి నిషేధమును విడిచినవారు మనము.

ధర్మశాస్త్రమున తాంబూల విషయమై గల నియమములు ఇంకను కఠినములు. యతులకు, బ్రహ్మచారులకు తాంబూలము నిషిద్ధము. ఉపవాస దినమున ఒక్కమారు తాంబూలము నమలినను వ్రతభంగమగునని నిబంధన. తాంబూల చర్వణమే భక్తికి అంగమైనచో జీయరు స్వాములకు అది నిషిద్ధమెట్లగును? స్వామికి తాంబూలము సమర్పించు కైంకర్యమునకును, మనము నమలుటకును సంబంధము లేదని దీనివలన స్పష్టము. స్వామికి సమర్పించునపుడు ఆగమమున చెప్పినట్లు వక్కతోడనే సమర్పింపవలెను. అందు మార్పు చేయ నవసరము లేదు. ప్రసాదముగా వచ్చిన తాంబూలమును కనులకద్దుకొని, ఆకును గ్రహించి, వక్కను ప్రక్కన నుంచినచో ప్రసాదమునకు అగౌరవము కాదు. తీర్థమును ఉద్ధరిణెడే గదా తీసికొందుము! పేరంటమున ముత్తైదువ చేతికిచ్చు తాంబూలము గౌరవసూచకము. పుచ్చుకొనుటతో ఆ మర్యాద నెరవేరినది, నమలుట అందులో భాగము కాదు.

పొగాకు సంగతి వేరుగా చెప్పవలసినంత పెద్దది గాని, తాంబూలముతో అది జతపడిన తీరు మాత్రము చెప్పక తప్పదు. ప్రాచీన గ్రంథములలోని తాంబూల ద్రవ్యములలో పొగాకు లేదు. అది అమెరికా ఖండము నుండి పోర్చుగీసువారి రాకతో ఈ దేశమునకు వచ్చినది. కనుక పొగాకు కాడ, జర్దా చేర్చిన ఆకు తాంబూలమే కాదు. ఆహార పదార్థములలో పొగాకు, నికోటిన్ ఉండరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. గుట్కా నిషేధములకు ఆధారమదియే. తిరుమల క్షేత్రమున పొగాకు నిషిద్ధమని యాత్రికులందరికిని తెలిసినదే. కాని వక్కపొడి పొట్లములకు అట్టి అడ్డు లేనందున, పొగాకు లేదు గదా యను ధైర్యముతో జేబునిండ నుంచుకొని కొండ ఎక్కువారు కలరు.

నెల్లూరు తీరము నుండి కాలినడకన తిరుమలకు పోవు భక్త బృందములకు ఇది ముఖ్యమైన సంగతి. అలిపిరి మార్గమున సుమారు 3,550 మెట్లు కలవు. మెట్టు ఎక్కువానికి ఊపిరి గొట్టములు విశాలముగా నుండవలెను. అలసట తెలియకుండుటకని వక్క బుగ్గన పెట్టుకొని ఎక్కువాడు ఆ గొట్టములనే బిగించుకొనుచున్నాడు. గుండె వేగమును గూడ పెంచుకొనుచున్నాడు. పైగా రొప్పుచు నోటితో గాలి పీల్చునపుడు వక్కముక్క గొంతున జారి శ్వాసనాళమున పడు అపాయము కలదు. గోవిందనామము బిగ్గరగా పలుకునపుడు ఈ అపాయము మరింత ఎక్కువ. ఉబ్బసము గలవారు నడకకు ముందు వైద్యుని సలహా పొంది, పీల్చు మందును మూటలో గాక చేతికందునట్లు ఉంచుకొనవలెను. నామసంకీర్తనకును, సహస్రనామ పారాయణమునకును, ప్రబంధ గోష్ఠికిని కావలసినది ఊపిరియే గదా. ఆ సహస్రనామములలోనే స్వామి ప్రాణుడనియు, ప్రాణదుడనియు కీర్తింపబడెను.

శ్వాసనాళమున పడిన ముక్క పెద్దలకంటె పసిబిడ్డలకు ప్రాణాంతకము. వృద్ధులు కత్తిరించుచుండగా నేలపై పడిన వక్కముక్కను ప్రాకు బిడ్డ నోట వేసికొనుట అరుదు కాదు. వక్క నానదు, కరగదు. గొట్టమున అట్లే నిలిచిపోవును. ఉన్నట్టుండి బిడ్డ దగ్గి, ఉక్కిరిబిక్కిరియై, ఏడుపు రాక నీలిరంగు తిరిగినచో తలక్రిందుగా ముంజేతిపై పరుండబెట్టి, రెండు భుజముల నడుమ అరచేతి మడమతో ఐదుమారులు చరచవలెను. ముక్క బయటపడకున్నచో వెల్లకిల త్రిప్పి రొమ్ముటెముక దిగువ సగమున రెండు వ్రేళ్ళతో ఐదుమారులు నొక్కవలెను. మరల వీపున చరచవలెను. ఏడాది నిండని బిడ్డకు కడుపు నొక్కరాదు. కనబడని ముక్కకై నోట వ్రేలు పెట్టి వెదకరాదు. అది మరింత లోనికి పోవును. ఇది చేయుచుండగనే మరియొకరు వైద్యసహాయమునకు కబురు చేయవలెను. ఉక్కిరిబిక్కిరి తగ్గిన తరువాత దినముల తరబడి ఒకప్రక్కనే పిల్లికూత, తగ్గని దగ్గు, జ్వరము ఉన్నచో ముక్క లోపలనే యున్నదేమో యని అనుమానింపవలెను. నోట తాంబూలముతో నిద్రించు పెద్దలకును ఇదే అపాయము కలదు.

ఉమ్మి సంగతి చెప్పుటకు సంకోచమే గాని చెప్పవలసియున్నది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు నెల్లూరులోనే బయటపడినది. మరుసటి నెలలో బహిరంగ స్థలములలో ఉమ్మివేయుటను కేంద్రప్రభుత్వము శిక్షార్హము చేసెను. ఆ రోజులలో తగ్గిన ఎఱ్ఱని మరకలు తరువాత గోడలపై మరల కానవచ్చినవి. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామిని సేవింప వచ్చువారు గాలిగోపురము చెంత పాదరక్షలు విడుచుటకు చూపు శ్రద్ధ నోటిలోని దానిని విడుచుటకును చూపవలెను. విడుచునది గోడవార గాదు. పూర్వులు ఇంట తమ్మపడిగ యుంచుకొనుట ఇందుకే.

మానుట ఎట్లు? ఏండ్ల తరబడి వక్క వాడినవానికి అది ఒక బంధమే. మానిన తొలిదినములలో తలనొప్పి, చిరాకు, మందకొడితనము కలుగును. ఈ బాధ కొలది వారములలో తగ్గును. వైష్ణవ గృహములకు ఇందుకు ఒక సాధనము సిద్ధముగా నున్నది. నెలకు రెండు ఏకాదశులు. ఆ రెండు దినములు తాంబూలము ఎటులను పనికిరాదు. ఏకాదశినాడు వక్క లేక గడపగలిగినవాడు ద్వాదశి పారణ తరువాత మడుపులో వక్కను విడిచి, ఆకు, ఏలకి, లవంగము మాత్రము వేసికొని చూడవచ్చును. సున్నము మిక్కిలి స్వల్పముగా, లేదా లేకుండ. ఏకాదశినాడు సైతము నిలువలేక చాటుగా నమలువాడు తన అలవాటు ఎంత ముదిరినదో ఆ దినమున తెలిసికొనును. అట్టివాడు సిగ్గుపడక వైద్యుని సహాయము కోరవలెను. నోటిలో మానని పుండు, తెల్లని పొర, కారము తగిలినచో మంట, దవడ బిగింపు కలిగినవారు రెండు వారములు మించి ఆగరాదు.

పెండ్లిండ్లలో నేడు తాంబూలపు సంచులిచ్చు వాడుక వ్యాపించినది. అందు కొబ్బరికాయ, పండు, ఆకులతోపాటు తీపి వక్కపొడి పొట్లమును వేయుచున్నారు. పెద్దలు కొబ్బరికాయ చూచుకొందురు; పొట్లము మాత్రము తిరుగుప్రయాణమున బస్సులోనే పిల్లల చేతబడును. తీపిగా, సువాసనగా నుండుటచేత అది వారికి మిఠాయివలె తోచును. ఆ పొట్లమునకు బదులు రెండు పసుపుకొమ్ములు, కొంత కలకండ, నాలుగు ఏలకులు వేసినచో ఖర్చు పెరుగదు, మంగళమునకు లోటు రాదు. సంప్రదాయము కొరకు వక్క ఉండవలెననువారు పొడిగా గాక, పగులగొట్టని రెండు పోకలు వేయవచ్చును. అడకత్తెర లేనిదే వానిని పిల్లలు నమలలేరు. అయినను సంచి ఇల్లు చేరిన వెంటనే ఆ పోకలను ప్రాకు బిడ్డకు అందనిచోట ఉంచవలెను.